సలహా లేని సగం

ఫ్యాక్టరీ మేడ మీద గది నుంచి,
జూన్

చిన్నీ,

నీ మనుషులు వచ్చి వెళ్లారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. మెడలో కార్డులు, చేతిలో గడియారాలు. మెషిన్ ఎంతసేపు తిరిగింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అని జిగురు తొట్టి పక్కనే నిలబడి రాసుకున్నారు. ఆ అమ్మాయి కాగితం ఒకటి జారి జిగురులో పడి, అట్టతో పాటు అతుక్కుని మెషిన్‌లోకి వెళ్లిపోయింది. ఏ బిస్కెట్ల పెట్టె లోపలో నీ ప్రశ్నలు ఇప్పుడు ఊళ్లు తిరుగుతుంటాయి.

మీ బావ హడావిడి నీకు చెప్పక్కర్లేదు. వాళ్లు అడిగిందానికీ చెప్పారు, అడగనిదానికీ చెప్పారు. "మా మరదలి పరిశోధన అండీ ఇది" అని లోడింగు దగ్గరున్న లారీ డ్రైవర్‌తో కూడా అన్నారు. "ఏం పరిశోధన సార్?" అని ఆ డ్రైవర్ అడిగితే, "మనలాంటి చిన్న ఫ్యాక్టరీలు ఎందుకు ఎదగవో కనిపెడుతోంది" అన్నారు. "దానికి పరిశోధన ఎందుకు సార్, నన్నడిగితే చెప్తా కదా" అన్నాడతను. నవ్వలేక చచ్చాను.

మీరు ఫ్యాక్టరీల పేర్లతో తీసిన చీటీల ఫలితం కూడా వచ్చింది. మీ కాగితం రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. సగం ఫ్యాక్టరీలకి మీ సలహాదారులు వచ్చి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెబుతారు. మిగతా సగాన్ని ఊరికే కొలుస్తారు. అంటే సగం మందికి మందు, సగం మందికి థర్మామీటర్. మాకు థర్మామీటర్ పడింది. పక్క షెడ్డు గొడుగాయనకి మందు పడింది. ఎండైనా వానైనా గొడుగు వదలని ఆ మనిషికే అదృష్టం అని మీ బావ కాసేపు మొహం ముడుచుకున్నారు. తర్వాత ఆయనే తేల్చేశారు: "పోనీలే, వాళ్ల సలహాదారులు వాళ్లకి. మనకి ఇంట్లో మనిషే ఉందిగా."

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటంటావేమో. కింద మెషిన్ చప్పుడులో నీ మాట సగమే వినపడుతుంది. పైగా ఉత్తరాన్ని నువ్వు "సరే అక్కా, ఉంటా" అని మధ్యలో పెట్టెయ్యలేవు.

అక్క

*

పరిశోధనా విభాగం, మూడో అంతస్తు,
జూన్ చివర

అక్కా,

ఆ లారీ డ్రైవర్ మాట మా ప్రొఫెసర్‌కి చెప్పాను. ఆయన నవ్వి, "అతనికి నీ కంటే ఎక్కువ తెలిసే ఉంటుంది. కానీ అతను రుజువు చెయ్యలేడు" అన్నారు. మా పని అంతా ఆ రుజువులోనే ఉంది. సలహా అందినవాళ్లు బాగుపడితే చాలదు. అందనివాళ్లు ఏమయ్యారో కూడా తెలియాలి. లేకపోతే బాగుపడింది మా సలహా వల్లో, ఆ ఏడు మార్కెట్ బాగుండటం వల్లో ఎవరూ చెప్పలేరు. అందుకే మీ సగం కూడా మాకు ముఖ్యమే. థర్మామీటర్ అని తీసిపారెయ్యకు!

నెలనెలా మూడు సంగతులు రాసి పంపు. మెషిన్ ఎంతసేపు ఆగింది, ఎంత అట్ట వృథా అయింది, నెలాఖరుకి చేతిలో ఎంత మిగిలింది. బావ రాసే లెక్కల మీద నాకు బెంగ లేదు. చిన్నప్పుడు నా ఎక్కాల పుస్తకం కంటే ఆయన స్టాకు పట్టికే నాకు అందంగా కనపడేది. లెక్కల పిచ్చి నాకు అంటించింది ఆయనే.

ఒక్క షరతు. నన్ను సలహా అడక్కూడదు. నవ్వుతూ రాస్తున్నాను గానీ నిజంగానే.

బావని అడిగానని చెప్పు.

నీ చిన్ని

*

ఫ్యాక్టరీ మేడ మీద గది నుంచి,
సెప్టెంబరు

చిన్నీ,

మూడు సంగతులూ వెనక పేజీలో ఉన్నాయి. ఇప్పుడు నాలుగో సంగతి విను.

సబ్బుల కంపెనీ వాళ్లు వచ్చారు. ఇన్నాళ్లూ మనని గుమ్మం కూడా ఎక్కనివ్వని పెద్ద కంపెనీ. వాళ్ల పెట్టెలన్నీ మనమే చెయ్యాలట. ఇప్పుడు చేస్తున్న పనికి రెండింతలు. పాత మెషిన్‌తో అయ్యే పని కాదు, కొత్తది కావాలి. మీ బావ రెండు రోజులు గాల్లో నడిచారు.

నిన్న బ్యాంకు మేనేజర్ తనంతట తానే వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, కాగితం చుట్ట మీదే కూర్చున్నాడు, అంత చనువు.

"పెద్ద లోన్‌కి వెళ్తే పై ఆఫీసు, తనఖా, ఆర్నెల్లు తిప్పుతారు సార్. మీకున్న ఏడాది అప్పునే పెంచేస్తాను. దాంతో మెషిన్ కొనేయండి. ఏడాదికోసారి సంతకం పెట్టి కాగితం మార్చుకుంటే చాలు, అది ఎప్పటికీ అలా నడుస్తూనే ఉంటుంది" అన్నాడు.

"రేపు బ్యాంకు మార్చనంటే?" అన్నాను నేను.

"ఎందుకు మార్చమమ్మా? సారు మా మంచి కస్టమరు" అన్నాడు.

సబ్బుల వాళ్లు సరుకు తీసుకున్నాక మూడు నాలుగు నెలలకి గానీ డబ్బివ్వరట. అది నాకు నచ్చలేదు. పెద్ద కంపెనీలన్నీ అంతే అంటారు మీ బావ. ఆయనకి మనసంతా అటే ఉంది గానీ సంతకం దగ్గర చెయ్యి ఆగింది. రాత్రి భోజనాల దగ్గర అన్నారు: "మీ చెల్లెల్ని అడుగు. పెద్ద వివరాలేం వద్దు. అవును, కాదు, అంతే. అది అవునంటే పెడతా, కాదంటే మానేస్తా."

నీ షరతు గుర్తుంది. కానీ ఇది సలహా కాదు, ఒక్క ముక్క. వచ్చే వారం దాకా ఆగుతానన్నారు.

అక్క

*

పరిశోధనా విభాగం, మూడో అంతస్తు,
సెప్టెంబరు

అక్కా,

సబ్బుల కంపెనీ ఆర్డరు రావడం చాలా సంతోషం. బావ ఎన్నేళ్లుగా ఎదురు చూస్తున్నారో నాకు తెలుసు. నా తరఫున అభినందనలు చెప్పు.

ఇక్కడ మా అంతస్తుకి కొత్త రంగులు వేశారు. నా గదికి కిటికీ ఉన్న వైపు ఇచ్చారు. పక్క గదిలో ఉన్నావిడ పొద్దస్తమానం పాడుతూనే ఉంటుంది, ఒక్క పాటే, అదీ సగమే. తలుపు వేసుకుంటే ఉక్క, తీస్తే పాట. నవ్వుకుంటావని రాస్తున్నాను.

మెషిన్ విషయంలో బావ అనుభవం ముందు నా చదువెంత? ఆ పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి ఆయన. ఆయనకి ఏది సరి అనిపిస్తే అదే చెయ్యమను.

కొంటే మాత్రం ఏ తేదీన బిగించారో తప్పకుండా రాయి. మెషిన్ మారిన నెల మా లెక్కల్లో విడిగా చూపించాలి.

చిన్ని

*

ఫ్యాక్టరీ మేడ మీద గది నుంచి,
ఫిబ్రవరి

చిన్నీ,

చాలా రోజులైంది రాసి. కొత్త మెషిన్ వచ్చాక ఈ మేడ కూడా వణుకుతోంది. గ్లాసులో నీళ్లు నిలవవు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ బావ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి నవ్వారు. "వద్దనలేదుగా! వద్దనాల్సిందైతే మన చిన్ని ఊరుకుంటుందా? షరతు ఉంది కాబట్టి పైకి అనలేదు, అంతే" అని పెన్ను తీసుకున్నారు. బిగించిన తేదీ వెనక పేజీలో రాశాను.

పని మాత్రం చూడాలి నువ్వు. రోజుకి లారీల మీద లారీలు వెళ్తున్నాయి. పెద్ద మెషిన్ ఆగడమే తక్కువ. వృథా కూడా తగ్గింది. నీ మొదటి రెండు గడుల్లో మేము ఫస్టు క్లాసు. మూడో గడే, చేతిలో మిగిలింది రాయమన్నావే, అది రాయడానికి సిగ్గేస్తోంది. పెట్టెలు వెళ్తున్నాయి, డబ్బు రావడం లేదు. ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ కాగితం కొనాలి, కాగితం వాళ్లు చేతికి డబ్బిస్తేనే చుట్ట దింపుతారు. నా గాజులు వెళ్లాయి, అది పెద్ద సంగతేం కాదులే. మీ బావ సబ్బుల కంపెనీ ఆఫీసులో రెండు పూటలు కూర్చుని వచ్చారు. వాళ్లు కాఫీ ఇచ్చి పంపారు.

ఇది మామూలేనా? నువ్వు చూసిన మిగతా ఫ్యాక్టరీల్లో కూడా ఇలాగే ఉంటుందా? ఇది అడగొచ్చో లేదో కూడా తెలియడం లేదు నాకు.

అక్క

*

పరిశోధనా విభాగం,
మార్చి

అక్కా,

లెక్కలు అందాయి. జనవరి నెల మూడో గడి ఖాళీగా వచ్చింది. సున్నా అయితే సున్నా అని రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీకీ సున్నాకీ మా దగ్గర చాలా తేడా ఉంది.

మిగతా ఫ్యాక్టరీల వివరాలు ఎవరికీ చెప్పకూడదు. అన్నీ సర్దుకుంటాయి. నేను వచ్చే నెల ఒక సదస్సుకి వెళ్తున్నాను, మా తొలి ఫలితాలు చదవమన్నారు.

గాజుల సంగతి చదివి బాధపడ్డాను.

చిన్ని

*

బజారు వెనక అద్దె గది నుంచి,
అక్టోబరు

చెల్లీ,

చిరునామా మారింది, చూసుకో.

ఆ బ్యాంకు మేనేజర్ బదిలీ అయి వెళ్లిపోయాడు. కొత్తాయన కాగితం చుట్ట మీద కాదు కదా, మన ఫ్యాక్టరీలోనే అడుగు పెట్టలేదు. ఆ అప్పు ఏడాది గడువు వేసవిలోనే తిరిగింది, మొత్తం కట్టమన్నాడు. "ఎప్పటికీ నడుస్తుందన్నారు కదండీ" అని మీ బావ అంటే, "అలాగని ఎక్కడ రాసుంది?" అన్నాడు. ఎక్కడా రాసి లేదు. సబ్బుల కంపెనీ మన చేతుల్లో ఏమీ లేదని తెలియగానే వేరే చోట చూసుకుంది. మెషిన్ వేలం వేశారు. షెడ్డు, పాత మెషిన్ కూడా పోయాయి. ఇదంతా నీకు తెలుసనుకుంటా, గడియారాలు పట్టుకొచ్చే ఆ అమ్మాయీ అబ్బాయీ వేలం రోజున కూడా వచ్చి రాసుకున్నారు.

వేలంలో మన మెషిన్ కొన్నది గొడుగాయన. సగం ధరకి. మంచివాడే. మర్నాడే మనిషిని పంపి మీ బావని పనిలోకి రమ్మన్నాడు, షిఫ్టు సూపర్వైజరు. ఆ మెషిన్ గుట్టు ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు కదా. ఇప్పుడు తన మెషిన్ ఆపాలంటే ఇంకొకరిని అడిగి ఆపుతున్నారు మీ బావ. ఆరోగ్యం బాగానే ఉంది.

అసలు సంగతి ఇది. మొన్న క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే గొడుగాయన గేటు దగ్గర కనపడ్డాడు. పలకరించాడు.

"మీ చెల్లెలు గారి చలవమ్మా. నేనూ నిరుడు సరిగ్గా ఇలాంటి మెషినే కొనబోయాను, ఆ ఏడాది అప్పుతోనే. వాళ్ల సలహాదారు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాడు" అన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏడాదిలో తీర్చాల్సిన అప్పుతో పదేళ్ల మెషిన్ కొనొద్దు అన్నాడమ్మా. ఆగండి, తొందరపడి కొన్నవాళ్లది ఏడాది తిరక్కుండా ఎవరిదో ఒకరిది వేలానికొస్తుంది, సగం ధరకి దొరుకుతుంది అన్నాడు. కాగితం మీద కూడా ఇచ్చాడు."

"ఆ సలహాలు ఎవరు రాస్తారండీ?"

"మీ చెల్లెలు గారే కదా. కింద ఆవిడ సంతకమే ఉంది."

అని నా మొహం చూశాడు. తను మాట్లాడిందాంట్లో తప్పుందని తెలిసింది గానీ, ఆ తప్పేమిటో పాపం ఆయనకి అందలేదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

నిజమేనా?

అక్క

*

పరిశోధనా విభాగం,
నవంబరు

అక్కా,

నిజమే. కోపంతో కాకుండా ఒక్కసారి నిదానంగా చదువు.

ఆ సలహా పత్రం సలహా సగానికి అందరికీ వెళ్లింది, ఒక్క గొడుగాయనకే కాదు. ఎవరినీ దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. మీకు చెప్పి ఉంటే మీరు ఆ సగంలోకి వచ్చేసేవాళ్లు, చీటీకి అర్థం ఉండేది కాదు. ఒక్క ఫ్యాక్టరీకి చెబితే, ఇంకెన్నిటికి చెప్పావో అని అడుగుతారు. మొత్తం పనే చెత్తబుట్టలోకి పోతుంది.

దాని ఫలితం ఏమిటో తెలుసా? సలహా అందిన ఫ్యాక్టరీలు నిలబడ్డాయి. అందనివాటిలో అంతే కష్టపడి, అంతే బాగా పనిచేసేవి కూడా డబ్బు దగ్గర పడిపోయాయి. పనితనం లేక కాదు, అప్పు రకం తెలియక. ఇంతకుముందు ఇది అందరూ అనుకునే మాట, ఇప్పుడు రుజువు. బ్యాంకులు ఏడాది అప్పుతో మెషిన్లు కొనిపించకూడదని నిబంధన తేవడానికి ప్రభుత్వం వాళ్లు ఈ లెక్కలు చూస్తున్నారు. ఆ నిబంధన వస్తే వేల కుటుంబాలు బతుకుతాయి. ఒక కుటుంబాన్ని అటు, వేల కుటుంబాల్ని ఇటు పెట్టి తూచమంటే నువ్వైనా ఏం చేస్తావు?

నాకు మాత్రం నొప్పి లేదనుకుంటున్నావా? నిరుడు మెషిన్ గురించి నువ్వడిగిన ఉత్తరం పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. "చెప్పొచ్చా?" అన్నాను. "నువ్వు నన్ను అడగడానికి వచ్చావంటేనే చెప్పవని అర్థం. చెప్పేవాళ్లు అడగరు" అన్నారు. ఆయన అన్నది సరిగ్గానే ఉంది.

చిన్ని

*

అద్దె గది నుంచి

నాకు తూకాలు తెలియవు. రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ వాళ్లు అడిగినట్టే అడుగుతున్నాను, ఖాళీ వదలకు.

ఆ వాక్యం, ఎవరిదో ఒకరిది వేలానికొస్తుందని రాశావే, అది మెషిన్ గురించి అడిగిన నా ఉత్తరం నీకు అందకముందు రాశావా, అందాక రాశావా?

చీటీలు తియ్యకముందు మా పేరు జాబితాలోంచి తీసేసి ఉండొచ్చా? తీసేస్తే మేము ఏ సగంలోనూ ఉండేవాళ్లం కాదు. అక్కకి చెల్లెలు చెప్పడానికి ఏ షరతూ అడ్డుండేది కాదు.

*

పరిశోధనా విభాగం,
డిసెంబరు

అక్కా,

అందాక రాశాను.

తీసేసి ఉండొచ్చు. "మీ అక్కగారిది వదిలేద్దామా?" అని ప్రొఫెసరే అడిగారు. నేనే వద్దన్నాను. అన్ని ఫ్యాక్టరీల్లోకీ బావ లెక్కలంత శుభ్రమైనవి ఎక్కడా లేవు. అవి వదులుకోవాలనిపించలేదు. మీకు మంచి సగమే పడుతుందని కూడా అనుకున్నాను.

ఇది ఎలా అడగాలో తెలియడం లేదు గానీ అడగాలి. ఆఖరి విడత ప్రశ్నలకి మా వాళ్లు వచ్చే నెల వస్తారు. మూతపడ్డ ఫ్యాక్టరీల వాళ్లు చాలామంది తలుపు తియ్యడం లేదు. నిలబడ్డవాళ్లే జవాబిస్తే, పడినవాళ్ల గురించి ఏమీ తెలియకుండా పోతుంది. పడినవే అసలు ముఖ్యం. నా మీద కోపంతో మాత్రం వాళ్లని వెనక్కి పంపకు.

చిన్ని

*

అద్దె గది నుంచి,
జనవరి

చిన్నీ,

మీ వాళ్లు వచ్చారు. నేను తలుపు తీశాను. గదిలో కుర్చీ ఒకటే ఉంది, ఆ అమ్మాయికిచ్చాం. మీ బావ అప్పుడే షిఫ్టు దిగి వచ్చారు, చేతులకింకా జిగురుంది. అన్నిటికీ జవాబిచ్చారు. ఒక చోట వాళ్లు తప్పు కూడితే దిద్దారు కూడా. "ఇప్పుడు మీ ఆదాయం ఎంత?" అని అడిగితే చెప్పారు. "పాతదాంట్లో ఎన్నో వంతు?" అంటే కాస్త నవ్వి, "మీరే వెయ్యండమ్మా ఆ లెక్క" అన్నారు. వాళ్లు వెళ్లాక నాతో అన్నారు: "మన కథ వల్ల ఇంకొకడు ఆగితే చాలు. మన చిన్ని గట్టి పని చేస్తోంది."

నీ పేరు పేపర్లో వచ్చిందట. గొడుగాయన ఆఫీసులో ఆ పేజీ అడిగి తెచ్చుకున్నారు. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. కనపడినవాడికల్లా చూపిస్తున్నారు. నిన్న కూరగాయల బండి దగ్గర ఒకాయన చదివి, "ఇంత తెలిసిన మరదలు ఉండి మీరెలా మునిగారండీ?" అని అడిగాడు. "నేనే దాని మాట సరిగ్గా వినలేదు" అన్నారు మీ బావ. పక్కనే ఉన్నాను నేను. ఉల్లిపాయలు ఏరుకుంటున్నాను.

ఆయనకి నేనేమీ చెప్పలేదు. గొడుగాయన కూడా చెప్పడు, ఒట్టు పెట్టించుకున్నాను.

నువ్వు ఇక నుంచి నెలనెలా మొదటి ఆదివారం ఇక్కడికి రావాలి. పని ఉందనకు. ఆయన పక్కన కూర్చోవాలి. ఆయన నిన్ను పొగుడుతుంటే వినాలి, నవ్వాలి. ఆ మెషిన్ ఎలా నడుస్తోందో ఆయన చెబుతుంటే తల ఊపాలి. తనలో తప్పెక్కడుందో నిన్ను అడుగుతారు. రోజూ నన్ను అడుగుతున్నారు. "నా అంచనా ఎక్కడ తప్పింది?" అని. నేను తెలియదంటున్నాను. నువ్వేం చెబుతావో నీ ఇష్టం.

నిజం మాత్రం చెప్పకూడదు. నీ నోటి నుంచి వచ్చిన రోజున నీకు అక్క లేదు.

నీ మీద జాలితో దాస్తున్నాననుకునేవు. ఆయన గుండె పగులుతుందని భయంతో అనుకునేవు. అవేవీ కావు. చెబితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినరు. గోడకేసి తిరిగి పడుకుంటారు. మూడో రోజు లేచి, "పోనీలే, చిన్నపిల్ల, దాని ఉద్యోగం అది" అంటారు. నిన్ను క్షమించేస్తారు. ఆయన చేతిలో అది తప్ప ఇంకేమీ మిగల్లేదు కూడా.

అది నీకు దక్కనివ్వను.

ఆదివారం ఒంటిగంటకి భోజనం. కుర్చీ నీకే.

అక్క